రేగడి మీద చెక్క అరుగు

ఫిబ్రవరి మూడో వారం

రెండేళ్ల కిందట పెరట్లో ఓ చిన్న చెక్క వేదిక వేశాను. స్టోర్‌లో దొరికే కాంక్రీట్ దిమ్మెలు నాలుగు గడ్డి మీద పెట్టి, వాటి మీద ఆరడుగుల చట్రం బిగించాను. ఏప్రిల్‌లో రసమట్టం పెట్టి చూస్తే బుడగ సరిగ్గా నడుమ నిలిచింది. ఆగస్టు ఆఖరుకి ఒక మూల అంగుళమున్నర దిగిపోయింది. నడిస్తే ఊగేది. పిల్లలు దాని మీద గెంతుతుంటే టెన్షన్‌గా ఉండేది. చివరికి విప్పేశాను. ఎక్కడ తప్పు చేశానన్నది అప్పటినుంచీ మనసులో నలుగుతూనే ఉంది.

ఈ ఏడు నాన్న ఆరు నెలలకి వచ్చారు. సాయంత్రం పూట ఆయనకి ఆరుబయట కూర్చోవడం అలవాటు. మా కాంక్రీట్ పాటియో, అంటే ఇంటి వెనక చప్టా, ఎండాకాలంలో రాత్రి తొమ్మిదయినా వేడి వదలదు. ఆయనకి చెక్కతో ఒక అరుగు కట్టివ్వాలి అనుకున్నాను. ఇక్కడివాళ్ళ మాటలో డెక్.

మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. వచ్చిన రెండో రోజే నాన్న పెరట్లో ఒక చోట గడ్డి పక్కకి తీసి, పిడికెడు మట్టి తీసుకుని, నీళ్లు చిలకరించి పిసికి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రిబ్బనులా సాగదీశారు. రెండంగుళాలు సాగినా తెగలేదు. "ఒరేయ్, ఇది మన రేగడేరా. ఈ నేల మీద దిమ్మెలు ఊరికే పెడితే ఆగుతాయా?" అన్నారు.

నిజంగానే అది రేగడే. ఉత్తరాన రెడ్ రివర్ దగ్గర మొదలై డాలస్ మీదుగా శాన్ ఆంటోనియో వరకూ సాగే ఈ నల్ల నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు ఇదంతా పత్తి పండిన నేల. ప్రత్తిపాడు దగ్గర మా పొలమూ పత్తి చేనే. ఈ బంకమట్టి రేకుల మధ్యకి నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఆగస్టులో మా పెరటి కంచె పక్కన అరచెయ్యి దూరేంత నెర్రెలు ఉంటాయి.

నేను చూసిన డెక్ వీడియోలన్నీ చలి రాష్ట్రాలవాళ్ళవి. అక్కడ నేలలో మంచు గడ్డకట్టే లోతు మూడడుగులో నాలుగడుగులో ఉంటుంది, అంతకన్నా కిందికి పునాది దించమంటారు. డాలస్‌లో మంచు లోపలికి దిగేది చాలా తక్కువ. అందుకే ఇక్కడ లోతు అక్కర్లేదనుకున్నాను. నా తప్పు అదే. ఇక్కడ పునాది లోతు తేల్చేది చలి కాదు, తడి ఆరడం.

ఫిబ్రవరి ఆఖరు

ముందు పెరటి తలుపు పక్కనే, ఇంటి గోడకి బిగించి కట్టాలనుకున్నాను. రెండు కారణాల వల్ల మానుకున్నాను. మా గోడ బయటికి కనిపించే ఇటుక అలంకారానికే. బరువు మోసే గోడ దాని వెనక చెక్క చట్రం. ఆ ఇటుక పొరకి డెక్ తగిలించడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. రెండోది, ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలాగే మా ఇంటి పునాది స్లాబ్‌లోనూ బిగుతుగా లాగిన ఉక్కు తీగలు ఉన్నాయి. ఎక్కడ పడితే అక్కడ డ్రిల్ దింపి అది తీగకి తగిలిందా, చాలా ప్రమాదం.

ఈ రెండూ లేకపోయినా, ఇంటికి కట్టకూడదనే ఇప్పుడు నా నమ్మకం. రేగడి మీద ఇల్లు ఒకలా కదులుతుంది, డెక్ ఇంకోలా కదులుతుంది. రెంటినీ కలిపి బిగిస్తే ఏదో ఒకటి చీలుతుంది. అందుకని పాటియో అంచు నుంచి మూడంగుళాలు వదిలి, తన కాళ్ళ మీద తాను నిలబడే డెక్ గీశాను. కొలత 12 అడుగులకి 16. అంటే 192 చదరపు అడుగులు. ఎత్తు పాటియో వైపు 25 అంగుళాలు, కంచె వైపు 28. సాధారణంగా 200 చదరపు అడుగుల లోపు, 30 అంగుళాల ఎత్తు లోపు, ఇంటికి తగిలించకుండా, ఇంటి ప్రధాన ద్వారానికి సంబంధం లేకుండా ఉంటే పర్మిట్ అక్కర్లేదు. కానీ ఊరికో సవరణ ఉంటుంది కాబట్టి సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాకే మొదలుపెట్టాను. మా కాలనీ సంఘానికి గీసిన బొమ్మ పంపితే అనుమతి రావడానికి రెండు వారాలు పట్టింది.

మార్చి మొదటి వారం

తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి, నేల కింద గొట్టాలూ తీగలూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే నంబరది. డబ్బులేమీ తీసుకోరు. రెండు పని దినాల్లో మనుషులు వచ్చి నేల మీద రంగులు పూసి, జెండాలు గుచ్చి వెళ్ళారు. పసుపు గ్యాస్, ఎరుపు కరెంటు, నారింజ కేబుల్, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. గ్యాస్ గొట్టం వెనక సందు వైపు నుంచి వస్తోంది. పసుపు గీత సరిగ్గా నేను బొమ్మలో గీసుకున్న ఆరు పునాది గుంతల్లో ఆఖరిదాని మీదుగా పోయింది. డెక్‌ని మూడడుగులు పడమటికి జరిపాను. ఆ ఫోన్ చేసి ఉండకపోతే మేం తెచ్చే మెషీన్ నేరుగా ఆ గొట్టం మీదే దిగేది.

మార్చి రెండో వారం

తవ్వడానికి తొందరపడొద్దని నాన్న ఆపారు. వాన పడి రెండు రోజులే అయింది. రేగడి తడిగా ఉంటే పారకి అంటుకుని ఊడదు, ఎండితే రాయి. మధ్యలో కొద్ది రోజులే పదును. ఆయన రోజూ పొద్దున్నే మట్టి ఉండ చేసి, మోకాలెత్తు నుంచి జారవిడిచి చూసేవారు. చప్పగా అణిగిపోతే ఇంకా తడి ఉన్నట్టు. శనివారం పొద్దున ఉండ రెండు ముక్కలుగా విరిగింది. "ఇప్పుడు పట్టు పలుగు" అన్నారు. పునాదికి కూడా ఇదే మంచి సమయమని నాకు తర్వాత అర్థమైంది. నేల పూర్తిగా ఉబ్బి ఉన్నప్పుడో, పూర్తిగా ఎండినప్పుడో మట్టం చూసి కట్టేస్తే అది ఎటో ఒకవైపే కదులుతుంది. నడిమధ్య స్థితిలో కడితే అటూ ఇటూ కొంత వీలుంటుంది.

ఇద్దరు పట్టుకునే గుంతల మెషీన్ ఒక పూటకి అద్దెకి తెచ్చాను. నేలలోకి దిగే దాని మరచుట్ట వెడల్పు పన్నెండు అంగుళాలు. మొదటి మూడడుగులు నల్లమట్టి. ఒక్కో అడుగుకీ పైకి లాగి, మరచుట్టలకి పట్టిన బంకని తాపీతో గీకాలి. నాన్న పక్కన బక్కెట్టులో నీళ్లు పెట్టుకుని, ప్రతిసారీ తాపీ తడుపుకుంటూ గీకారు. పొడి తాపీకి ఆ మట్టి అస్సలు వదలదు. పాటియో వైపు మూడు గుంతల్లో నాలుగున్నర అడుగుల దగ్గర తెల్లటి సుద్దరాయి తగిలింది. అక్కడ ఆగిపోయాం. కంచె వైపు రాయి తగల్లేదు. నల్లమట్టి పోయి పసుపు పచ్చటి బంక వచ్చింది. అయిదున్నర అడుగులు దించి ఆపాను.

ఆ మూడింటి అడుగుని చేతి పారలతో కుండలా కాస్త వెడల్పు చేశాం. ఇది నాన్న ఆలోచన. రేగడి నేలల్లో కట్టడాల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్ కూడా ఇదే పద్ధతి. కింద ఉబ్బెత్తుగా ఉన్న పునాది పై మట్టి ఉబ్బి పైకి లాగినా ఊడి రాదు. మావి చేత్తో చేసినవి, అంత బలం ఉంటుందని అనను.

మట్టి పట్టు తగ్గించడానికి ఇంకో పని చేశాం. పై మూడడుగుల వరకూ గుంత గోడకి మందపాటి ప్లాస్టిక్ షీటు రెండు పొరలు తొడిగాం. మట్టి ఉబ్బినప్పుడు కాంక్రీటుని పట్టుకోకుండా జారాలని. నేల పైన కనబడే భాగానికి మాత్రం అట్టగొట్టం. గుంత నోటి దగ్గర కాంక్రీటు పుట్టగొడుగులా బయటికి పరుచుకోకుండా చూడటం చాలా ముఖ్యం. ఆ అంచు కింద మట్టి ఉబ్బితే స్తంభం మొత్తాన్ని ఎత్తేస్తుంది.

ఒక్కో గుంతలో అర అంగుళం ఊచలు నాలుగు. 80 పౌండ్ల కాంక్రీట్ సంచి కలిపితే 0.6 ఘనపుటడుగులు వస్తుంది. మా ఆరు గుంతలకి 46 సంచులు పట్టాయి, అంటే దాదాపు 1.7 టన్నులు. అద్దె మిక్సర్ లేకపోతే ఒక్క రోజులో అయ్యేది కాదు. ప్రతి దిమ్మె నడుమా మరలున్న లావుపాటి ఉక్కు కడ్డీ నాటాను. దాని నట్టు తిప్పితే పైనున్న ఇనప స్టాండు పైకీ కిందికీ జరుగుతుంది. ఈ డెక్ మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఈ స్టాండు గురించే. అయిదడుగుల పునాదితో రేగడిని ఆపలేను. కదిలితే సరిచేసుకోగలిగే వీలు ఉండాలి.

మార్చి ఆఖరు

చెక్క సదరన్ పైన్. పెద్ద ఉక్కు సిలిండర్‌లో పెట్టి, గాలి లాగేసి, రాగి మందు కలిపిన ద్రవాన్ని ఒత్తిడితో లోపలికి ఎక్కిస్తారు. అందుకే ఆ పచ్చటి ఛాయ. చెదలకీ బూజుకీ అదే మందు. 2003 దాకా ఇళ్ళకి అమ్మిన చెక్కలో ఆర్సెనిక్ ఉండేది, ఇప్పుడు ఎక్కువగా ఆర్సెనిక్ లేకుండా రాగి ఆధారంగా చేసినవే దొరుకుతున్నాయి. కొనేటప్పుడు చెక్క చివర కొట్టిన చిన్న చీటీ చదవాలి. యూసీ3బీ అంటే నేలకి దూరంగా ఉండే పనులకి, యూసీ4ఏ అంటే మట్టికి తగిలే పనులకి. మాది ఎత్తు తక్కువ డెక్. కింద గాలి సరిగా ఆడదు, వానకి తడి చాలాసేపు నిలుస్తుంది. అందుకని బీములూ, వాటి మీద అడ్డంగా పేర్చే జాయిస్టులూ అన్నీ యూసీ4ఏ తీసుకున్నాను.

రాగి మామూలు ఇనుముని తినేస్తుంది. మేకులూ మరలూ, చెక్కల్ని పట్టి ఉంచే ఇనప హ్యాంగర్లూ వేడి జింకు పూతవో, స్టెయిన్‌లెస్‌వో అయి తీరాలి. కోసిన ప్రతి చివరకీ కాపర్ నాఫ్తనేట్ బ్రష్‌తో పూశాను. మందు చెక్క నడిబొడ్డు దాకా దిగదు కాబట్టి, కోసిన చోట మందు ఎక్కని చెక్క బయటపడుతుంది. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకున్నాను. మిగిలిన ముక్కలు మంటలో వేయకూడదు. చలి కాచుకోవడానికి పనికొస్తాయని నాన్న పోగుచేస్తుంటే చెప్పి ఆపాల్సి వచ్చింది.

ఏప్రిల్ మొదటి వారం

రెండు బీములు, ఒక్కోటి రెండు 2×8 (అంగుళాల్లో చెక్క కొలత పేరు) చెక్కలు జోడించి 16 అడుగులు. ఒక్కో బీముకీ మూడు దిమ్మెలు, ఏడేసి అడుగుల ఎడం, చివర్లు అడుగేసి బయటికి. వాటి మీద అడ్డంగా 2×8 జాయిస్టులు 13, పదహారు అంగుళాలకొకటి. బీముల మధ్య ఎనిమిది అడుగులు, రెండు వైపులా రెండేసి అడుగులు బయటికి వస్తాయి. చెక్క వంపు ఎటుందో కన్ను పెట్టి చూసి, విల్లులా లేచిన వైపు పైకి పెట్టాను.

మూలమట్టానికి 12, 16 కొలతలు బాగా కలిసొచ్చాయి. మూల నుంచి ఎదురు మూలకి సరిగ్గా 20 అడుగులు రావాలి. మొదట ఒక వైపు ముప్పాతిక అంగుళం ఎక్కువ వచ్చింది. చట్రాన్ని సుత్తితో తట్టి జరిపితే సరిపోయింది.

ఆరు దిమ్మెల ఎత్తు కలపడానికి లేజర్ అద్దెకి తెస్తానన్నాను. నాన్న వద్దన్నారు. పాతిక అడుగుల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం కొనిపించి, నీళ్లు నింపి, లోపల గాలిబుడగ లేకుండా చూసి, ఒక చివర నా చేతికిచ్చి రెండో చివరతో దిమ్మె దిమ్మెకీ తిరిగారు. మన మేస్త్రీల ట్యూబ్ లెవెల్. ఎండలో లేజర్ చుక్క కనబడదు, నీటి మట్టం ఎప్పుడైనా కనబడుతుంది. ఆరు నట్లూ తిప్పి కాగితం మందం తేడా కూడా లేకుండా కలిపాం. ప్రతి దిమ్మె మీదా ఆ రోజు ఎత్తు మార్కర్‌తో రాసిపెట్టాను.

కింద గడ్డి తీసి, నీళ్లు కంచె వైపు పోయేలా వాలు చేసి, గుడ్డ పరిచి మూడంగుళాలు కంకర పోశాం.

ఏప్రిల్ మూడో వారం

పై పలకలు ఒక శని, ఆదివారాల్లో అయిపోయాయి. అయిదున్నర అంగుళాల వెడల్పు పలకలు 27, చివరిది సన్నగా కోసింది. ఒక్కో జాయిస్టు మీద రెండు మరలు, మొత్తం 702. పలకలు ఇంకా తడిగా, బరువుగా ఉన్నాయి. అందుకని సందు వదలకుండా ఆనించి బిగించాను. ఎండితే వాటంతట అవే సందు ఇస్తాయి. రెండు మెట్లు ఆ పై వారం.

చెక్కకీ కాంక్రీటుకీ ఇనప సామానుకీ అద్దెలకీ కలిపి 2,900 డాలర్ల దాకా అయింది.

జూలై

పలకల మధ్య మేకు దూరేంత సందు వచ్చింది. నీళ్లు చిలకరిస్తే ఇప్పుడు పూసల్లా నిలవకుండా చెక్కలోకి ఇంకుతున్నాయి, అంటే పూతకి సిద్ధం. రాగి మందు కుళ్ళనివ్వదు కానీ ఎండకి పగలడాన్ని ఆపదు. నీళ్ళని ఆపే లేతరంగు పూత ఒక చల్లటి పొద్దున పూశాను. నాన్న తిరిగి ఊరెళ్ళే ముందు రెండు వారాలు రోజూ దాని మీదే కూర్చుని కాఫీ తాగారు.

ఆగస్టు ఆఖరు

మూడు వారాలుగా వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతోంది. కంచె పక్కన నెర్రెలు మళ్ళీ విచ్చుకున్నాయి. గొట్టం తీసి నీళ్లు నింపి, నా కొడుకు ఒక చివర పట్టుకోగా మళ్ళీ కొలిచాను. సుద్దరాయి మీద ఆగిన మూడు దిమ్మెలూ కదల్లేదు. కంచె వైపు మూడింట్లో రెండు అంగుళంలో ఎనిమిదో వంతు, ఓక్ చెట్టుకి దగ్గరున్న మూడోది మూడు ఎనిమిదో వంతులు దిగాయి. చెట్టు వేళ్ళు అక్కడి తడి లాగేస్తున్నాయన్నమాట. మూడు నట్లు తిప్పి సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఇంటి పునాది చుట్టూ వేసినట్టే ఆ వైపు కూడా నీళ్లు కొద్దికొద్దిగా చెమర్చే గొట్టం ఒకటి పరిచాను, వారానికి రెండుసార్లు నీళ్లు వదులుతున్నాను.

వీడియో కాల్‌లో నాన్న ముందు అడిగింది అదే: "నెర్రెలిచ్చిందా? మూడో దిమ్మె ఎంత దిగింది?" దిమ్మె మీద ఏప్రిల్ అంకె కింద కొత్త అంకె రాసి ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాను. అక్టోబరు వానలు పడ్డాక మళ్ళీ కొలిచి పంపమన్నారు.