పొర్లుకట్ట మీద అడిగిన ప్రశ్నలు

సంగం బ్యారేజీకి దిగువన పెన్న ఒడ్డున ఉన్న మా ఊళ్లో గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం జనం అభిప్రాయాలు సేకరించే పని, బడిపంతులుగా పదవీ విరమణ చేసి ఖాళీగా ఉన్నానన్న ఒక్క కారణంతో నా నెత్తిన పడింది. ఏటా అక్టోబరు 2 నుంచి ఈ కసరత్తు మొదలవుతుంది. గ్రామసభ ఆమోదించిన పనులను ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కిస్తారు. ఈసారి ఏటి సంగతి కూడా అందులో ఉండాలని సర్పంచ్ పట్టుబట్టారు. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, 78 టీఎంసీల సామర్థ్యమున్న సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలిన ఆ రోజులను మా ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు.

మొదటి గ్రామసభ దండగైంది. పైనుంచి వచ్చిన ప్రశ్నపత్రంలో ‘నదీతీర నిర్వహణలో మీ ప్రాధాన్యాలను ఒకటి నుంచి అయిదు వరకు గుర్తించండి’ అని ఉంది. నేను గట్టిగా చదివి వినిపిస్తే అందరూ నా ముఖం చూశారే తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి ఎవరో ‘మా వీధికి సిమెంటు రోడ్డు’ అన్నారు, మిగతావాళ్లూ అదే అందుకున్నారు. ఆడవాళ్లు వెనక వేపచెట్టు కింద కూర్చుని వెళ్లిపోయారు. యానాది కాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. పొద్దున పదిగంటలంటే వాళ్లు ఏట్లో వలల దగ్గర ఉండే వేళ అని సమయం పెట్టినవాళ్లకు తట్టలేదు. ఆ సమయం పెట్టింది నేనే.

ఆ కాగితాన్ని పక్కనపెట్టి, మరునాటి నుంచి సాయంత్రాలు, వరద ఊళ్లోకి రాకుండా ఏటి ఒడ్డున వేసిన పొర్లుకట్ట మీద నడుస్తూ, ఎదురైన వాళ్లను ఒకే ప్రశ్న అడిగాను: ఆ వరదకు మీ ఇంట్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? దీనికి జవాబు చెప్పలేనివాళ్లు ఊళ్లో లేరు. కట్ట కింది ఇంట్లో ఒక పెద్దావిడ నన్ను లోపలికి పిలిచి, క్యాలెండరు మేకుకు జానెడు కింద గోడమీద మట్టిరంగు గీత చూపించింది. రెండుసార్లు సున్నం వేసినా అది మళ్లీ పైకి తేలిందట. టేపు పెట్టి చూస్తే నేలనుంచి నాలుగడుగుల రెండంగుళాలు. అక్కడితో ఆగకుండా దొడ్లోకి తీసుకుపోయి, ఊరి మురుగు ఏట్లోకి పోయే తూమును చూపించింది.

“కట్ట పొర్లి రాలేదయ్యవారా, ఈ తూములోనుంచి ఎదురెక్కింది. ముందు మా దొడ్డి మునిగింది, ఆ తరవాతే మీరంతా కట్ట చూడ్డానికి ఉరికారు.”

తూముకు తలుపు లేదు. ఏట్లో మట్టం మురుగు కాలువ కంటే పైకి లేస్తే నీళ్లు వెనక్కి తన్నుతాయన్నది పాఠం చెప్పిన నాకు తెలియని విషయమేమీ కాదు. కాని ఇన్నేళ్లుగా మేం కట్ట ఎత్తు పెంచమనే అర్జీలు పెడుతున్నాం. ఇంకా ఆరిళ్లలో గీతలు కొలిచాను. అన్నీ తూముకు దగ్గరవుతున్న కొద్దీ ఎత్తుగానే ఉన్నాయి.

యానాది కాలనీకి చీకటి పడ్డాక వెళ్లాను. అక్కడివాళ్ల బాధ వేరు. బ్యారేజీ గేట్లు ఎత్తే ముందు తమకు కబురు అందదని, ఫోనులో వచ్చే సందేశం ఏట్లో నడుములోతు నీళ్లలో ఉన్నవాడికి ఏం లాభమని అడిగారు. పాతకాలం దండోరా చాలన్నారు.

ఏట్లో ఇసుక తవ్వకం దగ్గర మాత్రం ఊరు రెండుగా చీలింది. ఫిల్టరు పాయింట్లతో (తక్కువ లోతు బోర్లతో) కయ్యలు తడుపుకునే రైతులు తవ్వకం ఆపాలన్నారు, ఇసుక తోలే ట్రాక్టర్ల మీద బతికే కుర్రాళ్లు ఒప్పుకోలేదు. ఏకాభిప్రాయమని రాయమన్న వాళ్లున్నారు గాని, నేను రెండు మాటలూ రాశాను.

రెండో గ్రామసభను సాయంత్రం ఆరింటికి, తూము పక్కనే పెట్టించాను. అప్పట్లో పంచాయతీలకు వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో అరవై శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టుబడి ఉండేవి కాబట్టి, కాలువ పూడికతీతను ఆ పద్దులో చేర్చాం. పొర్లుకట్ట జలవనరుల శాఖది; అందులోని తూముకు తలుపు బిగించే పనిని గోడగీతల కొలతలతో సహా వేరే తీర్మానంగా పంపాం. తీర్మానం చదువుతుండగా ‘మోకాలిలోతు నీరు’ అన్నచోట ఆ పెద్దావిడ లేచి, “మోకాలు కాదు, రొమ్ములోతు” అని దిద్దించింది.

ఆ రాత్రి ఎక్కువసేపు చర్చ జరిగింది డబ్బు మీద కాదు, రేపు తలుపు బిగిస్తే దాని తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద. పంచాయతీ ఆఫీసులో అంటే రాత్రివేళ తాళం తీసేదెవరన్నారు. తూముకు అన్నిటికంటే దగ్గరి ఇల్లు ఆవిడదే గనుక, అక్కడే ఉండాలని చేతులెత్తారు.