హార్స్‌లీ కొండ సైకిల్ ప్రయాణానికి పేరిచ్చే ముందు

జులైలో ఒక ఆదివారం మా తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేసినాడు. "అక్కా, జనవరిలో సైకిళ్ళ మీద రెండొందల కిలోమీటర్ల బీఆర్‌ఎం పెట్నారు. మదనపల్లె మీదుగా వచ్చి హార్స్‌లీ కొండెక్కి తిరిగి పోవాల. నువ్వు గూడా పేరియ్యి" అన్నాడు. సరే చూద్దాంలే అని పెట్టేశాను. ఆ 'చూద్దాం' డిసెంబర్ దాకా నన్ను వదల్లేదు.

నాకు 43 ఏళ్ళు. కడపలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్తాను. 2020 లాక్‌డౌన్ తర్వాత సైకిల్ పట్టుకున్నాను. వారమంతా బడికి, ఆదివారాలు సిద్ధవటం కోట దాకానో ఒంటిమిట్ట రాముడి గుడి దాకానో పోయి రావడం. అప్పటికి నేను ఒక్క రోజులో తొక్కిన అతి పెద్ద దూరం 70 కిలోమీటర్లు. అదీ దాదాపు చదును దారి. అలాంటిది 200, నడి మధ్యలో ఒక కొండ.

బీఆర్‌ఎం అంటే పందెం కాదు. పారిస్‌లో 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్బు నియమాల ప్రకారం ప్రపంచమంతా జరిగే సైకిల్ దూర ప్రయాణం. ముందొచ్చిన వాళ్ళకు బహుమతి ఉండదు, ర్యాంకులూ ఉండవు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, అంతే. దారిలో కంట్రోళ్ళుంటాయి, అక్కడ చీటీ మీద గుర్తు వేయించుకోవాలి. ఒక్కో కంట్రోల్‌కూ మూసే వేళ ఉంటుంది. హెల్మెట్టు, ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్టు లేకపోతే బయలుదేరనివ్వరు. మన వెనక కారులో ఎవరూ రాకూడదు. పంక్చరైతే మనమే వేసుకోవాలి.

హార్స్‌లీ కొండ పేరు వినగానే ఒక రకమైన దగ్గరతనం అనిపించింది. ఒకప్పుడు మా కడప కలెక్టర్‌గా చేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండలు తట్టుకోలేక దాని మీద ఇల్లు కట్టుకున్నాడు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోదే. అంతకుముందు ఆ కొండ పేరు ఏనుగు మల్లమ్మ కొండ. నాకు ఆ పేరే ఇష్టం. ఎత్తు 1,265 మీటర్లు. మదనపల్లె ఊరే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి, చివర్లో ఎక్కాల్సింది ఐదొందల మీటర్ల పైచిలుకు. మా కడప సముద్ర మట్టానికి 140 మీటర్లు కూడా లేదు. ఇక్కడ ఉండి కొండ అలవాటు చేసుకోవాలంటే ఒక్కటే దారి, రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్.

ఆగస్టులో పోయాను. మా ఆయన మోటర్‌సైకిల్ మీద వెనక వచ్చినాడు. ఆ ఘాట్‌లో లారీలు ఎక్కువ, మలుపుల్లో ప్రమాదాలు జరుగుతుంటాయి, అందుకే ఆదివారం తెల్లవారక ముందే బయలుదేరినాం. కొండ మొదలైన కాసేపటికే నా పని అయిపోయింది. కాళ్ళు నొప్పి పుట్టలేదు. ఊపిరి అందలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, కళ్ళ ముందు మసక. రోడ్డు పక్కన పిట్టగోడ మీద కూచున్నాను. మా ఆయన నీళ్ళిచ్చి, "ఇంక చాలు, దిగుదాం పా" అన్నాడు. దిగి ఇంటికొచ్చేసినాం. ఆ రోజే మా తమ్ముడికి 'నా వల్ల కాదు' అని మెసేజ్ పెట్టి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

వాడు వదల్లేదు. "కాళ్ళు బాగున్నాయి, ఊపిరే అందలేదు అంటాండావు. ఒకసారి రక్తం చూపించుకోక్కా" అన్నాడు. చూపించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.4. గర్భిణి కాని ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. డాక్టరమ్మ అడగ్గా అడగ్గా చెప్పినాను, రెండేళ్ళుగా నెలసరిలో రక్తం చాలా పోతోందని. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు బరువు, ఇవన్నీ వయసు వల్ల, పని వల్ల అనుకుని నెట్టుకొస్తున్నాను. ఒంట్లో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్నే తక్కువైతే కొండ మీద ఊపిరి ఎట్లా అందుతుంది? పాఠంలో పిల్లలకు చెప్పేదాన్నే నా ఒంట్లో గమనించుకోలేదు. ఈ ముక్క ఎవరైనా అక్కచెల్లెళ్ళు చదువుతుంటే, సైకిల్ తొక్కినా తొక్కకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోండి. చిన్న పరీక్ష.

నెలసరికి మందు, రక్తానికి ఇనుము మాత్రలు ఇచ్చింది. మాత్ర నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమంది, దానికి అటూ ఇటూ గంట సేపు టీ తాగొద్దంది. టీ మానడమే అన్నిటికంటే కష్టమైంది. నవంబర్ మూడో వారంలో మళ్ళీ చూస్తే 12.1.

ఆ మధ్య నెలల్లో మిట్టల జోలికి పోలేదు. లెక్కలు వేసుకున్నాను. నా సైకిల్‌కు ముందర చిన్న పళ్ళ చక్రానికి 34 పళ్ళు, వెనక పెద్ద దానికి 28. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ రెండున్నర మీటర్లు పోతుంది. గట్టి మిట్ట మీద నేను గంటకు ఆరు కిలోమీటర్లు పోగలిగితే గొప్ప. అంటే నిమిషానికి వంద మీటర్లు, నిమిషానికి 39 చుట్లు. అంత నిదానంగా అంత బరువుగా తొక్కితే మోకాళ్ళు మిగలవు. వెనక కూడా 34 పళ్ళది వేస్తే, అదే వేగానికి దాదాపు 48 చుట్లు వస్తాయి. చేసే పని అంతే, కానీ ఒక్కో తొక్కుకు పడే బరువు తగ్గుతుంది. ఇక్కడి సైకిల్ అంగట్లో ఆ క్యాసెట్, అంటే వెనక పళ్ళ చక్రాల కట్ట, దొరకలేదు. మా తమ్ముడు బెంగళూరు నుంచి పంపించినాడు. దానికి వెనక గేర్లు మార్చే డిరైలర్ సరిపోదంటే అదీ మార్చాల్సి వచ్చింది, చైన్ కూడా పొడుగుది. ఖర్చు నేను అనుకున్నదానికి రెండింతలైంది. ఈ ఒక్క ఖర్చుకు మాత్రం నేను బాధపడలేదు.

అసలైన భయం కాలం. వంద కిలోమీటర్ల దగ్గర కంట్రోల్ 6 గంటల 40 నిమిషాలకు మూసేస్తారు. పొద్దున ఆరుకు బయలుదేరితే పన్నెండూ నలభైకి. ఈ దారిలో ఆ వందో కిలోమీటరు కొండ మీదే పడింది. మిట్ట పది కిలోమీటర్లు అనుకుని కాగితం మీద వేశాను. కింద 90 కిలోమీటర్లు గంటకు 18 చొప్పున ఐదు గంటలు. పైన పది కిలోమీటర్లు గంటకు ఏడు చొప్పున గంటా 26 నిమిషాలు. ఇక ఆగడానికి మిగిలేది 14 నిమిషాలు. నీళ్ళు నింపుకోవడం, తినడం, ఒంటికి పోవడం అన్నీ ఆ 14 నిమిషాల్లోనే. మా పాప ఆ కాగితం చూసి, "అమ్మా, నువ్వు ఒంటిమిట్ట దగ్గర టీకి ఆగితే ఎంతసేపు?" అని అడిగింది. తరువాతి ఆదివారం గడియారం పెట్టి చూసుకున్నాను. 22 నిమిషాలు! టీ మానేసి ఒట్టి మజ్జిగ తాగినా 22 నిమిషాలే. హెల్మెట్టు తీయడం, మొహం కడగడం, ఫోన్ చూడటం, ఎవరో పలకరిస్తే నిలబడటం. నేను కొండ గురించి మూడు నెలలు దిగులుపడ్డాను, కాలం పోయేది మాత్రం చదును మీద ఆగినప్పుడు.

అప్పట్నుంచి ఆగడాన్ని కూడా సాధన చేశాను. వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు వెనక జేబులో పెట్టుకుని తొక్కుతూనే తినడం. నీళ్ళు నింపుకుని ఐదు నిమిషాల్లో కదలడం. వేగం కూడా 18 నుంచి 20కి వచ్చింది. ఆ 20తో లెక్క వేస్తే చేతిలో 44 నిమిషాలు మిగిలాయి.

ఇంకొక ప్రశ్న నన్ను చాలా రోజులు తిన్నది. మిట్ట మీద తొక్కలేకపోతే? దిగి నెట్టుకుంటూ నడిస్తే ఓడిపోయినట్టేనా? నియమాలు చదివితే నడవకూడదని ఎక్కడా లేదు. మళ్ళీ లెక్క వేశాను. గంటకు ఏడు చొప్పున తొక్కితే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. గంటకు నాలుగు చొప్పున నడిస్తే 15 నిమిషాలు. అంటే ఒక కిలోమీటరు నడిస్తే పోయేది ఆరున్నర నిమిషాలే. ఆ అంకె కాగితం మీద చూసినప్పుడు నా భుజాలు తేలికపడ్డాయి. రెండు కిలోమీటర్లు నడిచినా కంట్రోల్ అందుతుంది. నడుస్తూ ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కొచ్చు.

ఈ మాట మా అత్తమ్మ ముందే చెప్పింది, నేనే పట్టించుకోలేదు. ఆమె మొదట్నుంచీ వద్దనే అంటోంది. "కాలో చెయ్యో ఇరిగితే ఎవురు చూడాల? నీ వయసేమి, ఆ పరుగులేమి?" అనేది. ఒకరోజు రాత్రి నేను కాగితాలు పరుచుకుని కూచుంటే పక్కకొచ్చి కూచుంది. వయసులో ఉన్నప్పుడు మూడుసార్లు అలిపిరి మెట్ల దారిలో నడిచి తిరుమల పోయిన మనిషి ఆమె. "మిట్టెక్కేటప్పుడు కూచోవాకమ్మా. మోకాళ్ళ పర్వతం కాడ కూచున్నోళ్ళు మళ్ళా లేయలేకపోయిరి. మెల్లిగైనా సరే, కదుల్తానే ఉండాల" అంది. ఆగస్టులో పిట్టగోడ మీద కూచున్న నేను గుర్తొచ్చాను.

నవంబర్ ఆఖర్లో, వానలు తెరిపిచ్చినాక, మళ్ళీ గువ్వలచెరువు పోయినాం. కొత్త గేరు, 12.1 రక్తం. రెండు చోట్ల దిగి నడిచాను, కూచోలేదు. ఘాట్ దాటి పాలకోవా అంగళ్ళ దగ్గర సైకిల్ ఆనించినప్పుడు మా ఆయన ఏమీ అనలేదు. అరకిలో కోవా కట్టించుకొని వచ్చి, ఒక ముక్క నా చేతిలో పెట్టినాడు.

అక్కడ బెంచీ మీద ఒక లారీ డ్రైవరు టీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి. "ఏమ్మా, ఎక్కితివి సరే, దిగేది తెలుసా?" అన్నాడు. దిగేదేముంది అనుకున్నాను నేను. "ఎక్కేటప్పుడు బండి ఆగిపోతాది, అంతే. దిగేటప్పుడే మనుషులు పోయేది. బ్రేకు తొక్కిపట్టుకొని దిగితే కాలిపోతాది. మలుపు రాకముందే తగ్గించుకోవాల, మలుపులో బ్రేకు ముట్టుకోగూడదు" అని చేత్తో గాలిలో మలుపు గీసి చూపించినాడు. సైకిల్‌కూ అంతే. ఎడతెగకుండా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కి అవసరమైనప్పుడు పట్టు రాదు. ఆ దిగువ మొత్తం ఆయన చెప్పినట్టే దిగాను. పట్టడం, వదలడం, మలుపుకు ముందే తగ్గించడం, చూపు మలుపు చివరన పెట్టడం. కిందికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. ఎక్కినప్పటికంటే దిగినప్పుడే ఎక్కువ అలసిపోయాను. అందుకని డిసెంబర్ మొదటి రెండు ఆదివారాలూ ఘాట్ పోయింది ఎక్కడానికి కాదు, దిగడం నేర్చుకోవడానికి.

ఇంకొక్కటి, మగవాళ్ళు ఎవరూ చెప్పనిది. మా తమ్ముడు ఆ దారిలో ఇంతకుముందు పోయినాడు కానీ మరుగుదొడ్డి ఎక్కడుందో వాడికి గుర్తుండే పని లేదు. మ్యాప్‌లో దారి పొడుగునా పెట్రోల్ బంకులు గుర్తుపెట్టుకుని, ఏవి ఎన్నో కిలోమీటరు దగ్గర వస్తాయో ఒక చీటీ రాసి హ్యాండిల్‌కు అంటించుకున్నాను. ఈ చీటీ లేకపోతే నీళ్ళు తక్కువ తాగుతాను, తక్కువ తాగితే మిట్ట మీద పడిపోతాను.

డిసెంబర్ రెండో వారంలో, బడి నుంచి వచ్చాక, ఫారం తెరిచాను. పేరు, వయసు, రక్తం గ్రూపు. ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలి అన్న గడి దగ్గర ఆగాను. మా ఆయన నంబరు రాశాను. రెండో నంబరు కూడా అడిగినారు. అత్తమ్మ వంటింట్లో సంగటి కెలుకుతోంది. "అత్తా, నీ నంబరు రాస్తాండా" అన్నాను. గరిటె ఆపకుండా, "రాయి. రాత్రిపూట గూడా ఎత్తుతాలే" అంది.

డబ్బు కట్టేశాను. జనవరికి ఇంకా నాలుగు వారాలుంది. చీకట్లో లైట్లతో తొక్కడం ఒక్కటి మిగిలింది. రేపు పొద్దున నాలుగున్నరకు సిద్ధవటం పోవాలి, లైట్లు ఛార్జింగ్ పెట్టాను.