డీఎన్ఏ రెండో పోచ ముక్కలుగానే ఎందుకు తయారవుతుంది?

చదువుకున్న రోజుల జ్ఞాపకాలంటే మన బ్యాచ్ వాళ్లలో చాలామంది హాస్టల్ కబుర్లో, వార్షికోత్సవాలో రాస్తారు కాబట్టి నేను మా బయాలజీ మేడమ్ చెప్పిన ఒకే ఒక్క పాఠం గురించి రాస్తాను. కణం తన డీఎన్ఏకి నకలు ఎలా తీసుకుంటుందనే పాఠం. పుస్తకంలో అది కొద్ది పేజీలే, మేడమ్ మాత్రం దాన్ని వదిలిపెట్టలేదు, సిలబస్ అవదేమోనని మాలో కొందరికి టెన్షన్ కూడా పట్టుకుంది. ఇప్పుడు జన్యువుల ల్యాబ్‌లో పనిచేస్తూ చెబుతున్నాను, నా పనికి పునాది పడింది అక్కడే.

1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ జంట పోచల (పక్కపక్కన ఉండే రెండు దారాల్లాంటి) నిర్మాణం బయటపెట్టారు. పోచలో ఎ, టి, జి, సి అనే నాలుగు రకాల రసాయన 'అక్షరాలు' వరసగా ఉంటాయి; ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి మాత్రమే కుదురుతాయి గనక, పోచలు విడిపోతే ఒక్కోటీ కొత్త పోచకి అచ్చుగా పనికొస్తుందని ఎవరికైనా తోస్తుంది. "తోస్తే సరిపోతుందా, రుజువేది?" అనేవారు మేడమ్. 1958లో మెసెల్సన్, స్టాల్ చేసిన ప్రయోగం చెప్పేముందు ఫలితం ఎలా ఉండొచ్చో మాచేతే నోట్‌బుక్కుల్లో గీయించారు. వాళ్లు ఇ. కోలై బ్యాక్టీరియాని బరువైన నైట్రోజన్-15తో తరాల తరబడి పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్-14లోకి మార్చి, డీఎన్ఏని సీజియం క్లోరైడ్ ద్రావణంలో విపరీతమైన వేగంతో తిప్పారు, అలా తిప్పితే బరువుని బట్టి డీఎన్ఏ వేర్వేరు చోట్ల గీతలుగా నిలుస్తుంది. పాత జంట చెక్కుచెదరకుండా ఉండిపోయి, కొత్త జంట విడిగా తయారైతే మొదటి తరంలోనే రెండు గీతలు కనపడాలి. కనపడలేదు, బరువుకీ తేలికకీ సరిగ్గా నడుమ ఒకే గీత వచ్చింది. పాతదీ కొత్తదీ ముక్కలు ముక్కలుగా కలగలిసిపోతున్నాయేమో అనుకుంటే, రెండో తరంలో పూర్తిగా తేలికైన డీఎన్ఏ రాకూడదు, కానీ సగం అదే వచ్చింది. అంటే ప్రతి కొత్త జంటలో ఒక పోచ పాతది, ఒకటి కొత్తది. జవాబు ముందే చెప్పేసి ఉంటే మాకు ఆ రెండో తరం గీత విలువ తెలిసేది కాదు.

ఇక అసలు విషయం. హెలికేజ్ అనే ఎంజైమ్ పోచల్ని విడదీస్తుంది, డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఇంకో ఎంజైమ్ అక్షరాలు చేరుస్తూ పోతుంది. ప్రతి పోచకీ ఒక కొసని 5 ప్రైమ్ అనీ, రెండోదాన్ని 3 ప్రైమ్ అనీ అంటారు; పాలిమరేజ్ 3 ప్రైమ్ కొస దగ్గర మాత్రమే చేర్చగలదు. రెండు పోచలేమో ఎదురెదురు దిశల్లో ఉంటాయి. అందుకే ఒకవైపు పని ఆగకుండా సాగితే, రెండోవైపు వెనక్కి వెనక్కి వస్తూ చిన్న చిన్న ముక్కలుగా కట్టుకోవాలి. వీటిని 1960లలో జపాన్‌లో రెయిజి, త్సునెకో ఒకజాకి దంపతులు కనిపెట్టారు, బ్యాక్టీరియాలో ఒక్కో ముక్క 1000 నుంచి 2000 అక్షరాలు, మన కణాల్లో 100 నుంచి 200. ప్రతి ముక్కకీ మొదట ఆర్ఎన్ఏ ప్రైమర్ (పని మొదలుపెట్టడానికి ఆధారంగా ఉండే చిన్న ఆర్ఎన్ఏ ముక్క) వెయ్యాలి, దాన్ని తర్వాత తీసెయ్యాలి, ఖాళీ పూడ్చాలి, లైగేజ్ అనే ఎంజైమ్ అతకాలి.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అడిగింది: "ఇంత తిప్పలెందుకు మేడమ్, అటువైపు నడిచే ఎంజైమ్ ఇంకొకటి ఉంటే పోయేది కదా?" మేడమ్ మొహం వెలిగిపోయింది. బోర్డు మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టారు.

కొత్త అక్షరం అతుక్కోడానికి కావాల్సిన శక్తి దాని మూడు ఫాస్ఫేట్లలో ఉంటుంది, అంటే వచ్చే అక్షరమే తన శక్తి తాను తెచ్చుకుంటుంది. తప్పు అక్షరం పడితే పాలిమరేజ్ దాన్ని కత్తిరించి పారేస్తుంది, ఇంకోటి తన ఫాస్ఫేట్లతో వచ్చి అతుక్కుంటుంది, పని సాగుతుంది. అదే తిరగేసి, 5 ప్రైమ్ కొస నుంచి పోచ పెరుగుతోందనుకోండి. అప్పుడా ఫాస్ఫేట్లు పెరిగే కొస మీదే ఉండాలి. తప్పు అక్షరాన్ని కత్తిరిస్తే శక్తి కూడా దానితోపాటే పోతుంది, తర్వాతిది అతకడానికి ఏమీ మిగలదు. ఆ ముక్కలు, ప్రైమర్లు, అతుకులు అన్నీ తప్పు దిద్దుకునే వీలు కోసం కణం చెల్లిస్తున్న ఖరీదు అన్నమాట! ఆ ఖరీదు ఎక్కువేం కాదు. అక్షరాన్ని ఎంచుకోవడంలో సుమారు లక్షకి ఒక తప్పు పడితే, ఈ దిద్దుబాటు దాన్ని 100 రెట్లు తగ్గిస్తుంది, ఆ తర్వాత జరిగే మరమ్మతు ఇంకో 100 రెట్లు. మన కణం ఒక్కోసారి 600 కోట్ల అక్షర జతలకి నకలు తియ్యాలి, ఈ దిద్దుబాట్లు లేకపోతే ప్రతి విభజనకీ వేలల్లో తప్పులు పోగుపడతాయి.

ల్యాబ్‌లో ఇది రోజూ పనికొస్తుంది. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ ఇచ్చిన సీక్వెన్సింగ్ పద్ధతి మొత్తం ఆ 3 ప్రైమ్ కొస మీదే నడుస్తుంది: అక్కడ ఓహెచ్ (తర్వాతి అక్షరం అతుక్కునే రసాయన భాగం) లేని అక్షరాన్ని కలిపితే పోచ అక్కడే ఆగిపోతుంది, ఆగిన పొడవుల్ని బట్టి వరుస చదువుతాం. హెచ్ఐవీకి వాడే జిడోవుడిన్ అనే మందు కూడా అదే కిటుకుతో పనిచేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకి దీన్ని చెప్పేటప్పుడు నేను కూడా ముందు బోర్డు తుడిచే మొదలుపెడతాను.

ఆ పాఠం చివర్లో మేడమ్ ఒక ప్రశ్న ఇచ్చి వదిలేశారు: క్రోమోజోమ్ చిట్టచివర పడిన ప్రైమర్ తీసేశాక, ఆ ఖాళీని ఎవరు పూడుస్తారు? మామూలు పాలిమరేజ్ పూడ్చలేదు, అందుకే మన శరీరంలోని చాలా కణాల్లో విభజన జరిగినప్పుడల్లా కొసలు కొంచెం కొంచెం అరుగుతాయి. వీర్యకణాల్ని పుట్టించే కణాల్లాంటి వాటిలో టెలోమరేజ్ అనే ఎంజైమ్ తన సొంత ఆర్ఎన్ఏ అచ్చుతో ఆ కొసల్ని పెంచుతుంది, క్యాన్సర్ కణాల్లో చాలావరకు దాన్నే మళ్లీ వాడుకుంటాయి. బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకి 2009లో నోబెల్ వచ్చింది ఈ కొసల సంగతి తేల్చినందుకే.