లెడ్ పక్కకి పోయిన పెన్సిల్

ఇంత చిన్న విషయానికి టపానా అంటే, అవును. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున కొత్త పెట్టె తెరిచాను. పైకి ఎంత బావున్నాయో! ముదురు నీలం రంగు, చివర సన్నటి బంగారు గీత, ఆరు పలకలూ చేతికి తెలిసేంత పదునుగా ఉన్నాయి. మురిసిపోతూ ఒకటి చెక్కాను. ఒక వైపు లెడ్ నల్లగా బయటికొచ్చింది, రెండో వైపు చెక్క మొన దాకా పాకింది. అలాంటి దానితో రాస్తుంటే పెన్సిల్ కాస్త తిరిగినప్పుడల్లా చెక్క కాగితాన్ని గీరుతుంది. ఆ చప్పుడు నాకు పళ్ల మీద గీసినట్టుంటుంది. ఇంకాస్త చెక్కితే సర్దుకుంటుందేమో అని చెక్కుతూ పోయాను. పొట్టు పెరిగింది, పెన్సిల్ తరిగింది, చెక్క మాత్రం కదల్లేదు. రెండోదీ అంతే. మూడోది నయం. నయం అంటే, వంకర కొంచెం తక్కువ.

"రాస్తోందిగా? ఇంకేంటి నీ బాధ?" అన్నారు ఈయన. సంతకం పెట్టాల్సొచ్చిన ప్రతిసారీ ఇల్లంతా పెన్ను వెతికే మనిషి. ఆయనకేం చెప్తాం.

అసలు సంగతేమిటంటే, చెక్కకి బొక్క పెట్టి లెడ్ దూరుస్తారని చాలామంది అనుకుంటారు గానీ అలా కాదు. పలచటి చెక్క పలకలో వరసగా గాడులు తీస్తారు. ఒక్కో గాడిలో ఒక్కో లెడ్ పడుకోబెట్టి, అలాంటిదే ఇంకో పలక జిగురు రాసి పైన అతికిస్తారు. ఆ తర్వాతే పెన్సిళ్లుగా కోస్తారు. గాడికీ కోసే కత్తికీ వరస కుదరకపోయినా, చెక్క వంగినా లెడ్ నడుమ నుంచి జరిగిపోతుంది. ఇంట్లో చెక్కుకునేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. నా మంటంతా అక్కడే. బంగారు గీత వెంట్రుకవాసి కూడా తప్పకుండా గీయగలిగారు, లెడ్‌ని మాత్రం నడుమ పెట్టలేకపోయారు!

మా డ్రాయింగ్ మాస్టారైతే ఈ పెట్టె కొననిచ్చేవారే కాదు. ఏ పెన్సిలైనా ముందు చివర చూసేవారు, నల్ల చుక్క నడుమ ఉందా లేదా అని. రెండు చివర్లూ చూసేవారు, ఎందుకంటే ఒక వైపు సరిగ్గా ఉండి రెండో వైపు వంకరగా ఉన్నవీ ఉంటాయి. మేం చెక్కుకుని తెచ్చిన పెన్సిళ్లని కూడా వెనక్కి తిప్పి చూసి, పెదవి విరిచి తిరిగిచ్చేవారు. క్లాసులో షార్పనర్ కనిపిస్తే లాక్కుని బల్ల సొరుగులో వేసేవారు. నా ఎర్ర షార్పనర్ ఆ సొరుగులోకి వెళ్లింది, మళ్లీ రాలేదు.

ఆయన చెక్కేది బ్లేడుతో. కుడిచేత్తో బ్లేడు కదలకుండా పట్టుకుని, ఎడమ బొటనవేలితో దాని వీపుని నెమ్మదిగా నెట్టేవారు. పెన్సిల్ తిరుగుతూ ఉండేది, పొట్టు సన్నటి చీలికలుగా రాలేది. గట్టి లెడ్ అయితే చాలా పొడుగు మొన తీసేవారు, 4బి లాంటి మెత్తటిది అయితే విరిగిపోతుందని కాస్త పొట్టిగా ఉంచేవారు. చెక్కుతున్నంతసేపూ కబుర్లు. ఇంగ్లండ్‌తో యుద్ధమొచ్చి అక్కడి గ్రాఫైట్, అంటే లెడ్ చేసే నల్లటి ఖనిజం, రావడం ఆగిపోతే, ఫ్రాన్స్‌లో కోంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చాడట. 1795లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. మట్టి ఎక్కువైతే గట్టిగా, లేతగా రాస్తుంది, అవి హెచ్ పెన్సిళ్లు. తక్కువైతే మెత్తగా, నల్లగా, అవి బీ పెన్సిళ్లు. "ఆ యుద్ధం రాకపోతే మీకు ఈ హెచ్‌లూ బీలూ ఎక్కడివే?" అనేవారు, యుద్ధం మాకోసమే వచ్చినట్టు.

పెన్సిల్ కింద పడేస్తే మాత్రం ఆయన మొహం చూడలేకపోయేవాళ్లం. పైకి ఏమీ తెలియదు గానీ లోపల లెడ్ ముక్కలవుతుంది. ఇక చెక్కిన ప్రతిసారీ మొన ఊడొస్తుంది. పిల్లల పెన్సిల్ మొన విరిగితే గట్టిగా నొక్కావనే అంటాం కానీ, అది ఎప్పుడు కింద పడిందో ఎవరడుగుతారు?

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్లి బ్లేడు వెతికి, ఆ నీలం వాటిలో ఒకటి చెక్కి చూశాను.

బ్లేడుకి అసలు పట్టింపే లేదు! చెక్క మందంగా ఉన్న వైపు కాస్త ఎక్కువ తీస్తే లెడ్ చుట్టూరా శుభ్రంగా బయటపడింది. షార్పనర్‌కి ఆ తెలివి ఉండదు కదా, లెడ్ నడుమనే ఉందనుకుని చుట్టూ ఒకేలా కోసుకుపోతుంది. రాసి చూస్తే, నిజం చెప్పాలి, లెడ్ చాలా మంచిది. నున్నగా, ఇసక తగలకుండా, నలుపు కూడా సరిపడా. పొద్దున్నుంచీ పెట్టెంతా పారేద్దామనుకున్నదాన్ని ఇప్పుడు దాని మీద జాలిపడుతున్నాను. తయారుచేసినవాళ్ల మీద కాదు, పెన్సిల్ మీద.

కానీ ఆలోచిస్తే మళ్లీ మండుతోంది. నాకంటే బ్లేడు పట్టడం వచ్చు. చిన్నదాని చేతికి బ్లేడు ఇస్తామా? దానికి షార్పనరే దిక్కు. పెన్సిళ్లు ఎక్కువగా వాడేది పిల్లలే, వాళ్లకే ఇలాంటివి చేసి అమ్మితే ఎలా?

సాయంత్రం మాత్రం ఆకుపచ్చ ఫేబర్ కాస్టెల్ 9000 తీసి కాసేపు రాసుకున్నాను. 1905లో వచ్చిన పెన్సిల్ అది, ఇంకా వస్తూనే ఉంది. చివర చూశాను, చుక్క నడుమ ఉంది. హాయిగా రాసింది. దాని గురించి ఇంక చెప్పడానికేం లేదు.

నీలం పెట్టె నా సొరుగులోకి చేరింది. మూత మీద "ముట్టుకోకండి" అని చీటీ అంటించాను. పెన్సిల్‌తోనే రాశాను. రేపు చిన్నది రబ్బరు పట్టుకొచ్చి నడుమ "క" ఒక్కటీ చెరిపేస్తుంది, చూస్తూ ఉండండి.