జెరంటాలజీ, జెరియాట్రిక్స్ ఒకటి కాదు

జెరంటాలజీ అనగానే చాలామంది ముసలివాళ్ల డాక్టర్ చదువనుకుంటారు. డాక్టర్లది జెరియాట్రిక్స్. ఎంబీబీఎస్ అయ్యాక నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎండీ చెయ్యాలి. మన దేశంలో ఆ ఎండీ మొదలైంది 1996లో, మద్రాస్ మెడికల్ కాలేజీలో. జెరంటాలజీ అంతకంటే విశాలం: వయసు మీదపడ్డాక ఒంటికి, మనసుకు, చేతిలో డబ్బుకు, ఇంట్లో మాట చెల్లుబాటుకు ఏమవుతుందో చూసే శాస్త్రం.

ఈ తేడా తెలియకనే దరఖాస్తులు వృథా అవుతాయి. ఇగ్నో జెరియాట్రిక్ మెడిసిన్ పీజీ డిప్లొమా పేరు చూసి బీఎస్సీవాళ్లు ఆశపడతారు. అది ఎంబీబీఎస్ వాళ్లకే.

వరంగల్, హనుమకొండ విద్యార్థులకు జెరంటాలజీకి దగ్గరి దారి సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి కాకతీయ యూనివర్సిటీలో సోషియాలజీ గానీ సోషల్ వర్క్ గానీ తీసుకుని, ప్రాజెక్టు వృద్ధుల మీద చెయ్యడం. లెక్కలంటే భయం లేకపోతే ముంబైలోని ఐఐపీఎస్ (జనాభా శాస్త్రాల జాతీయ సంస్థ)లో జనాభా అధ్యయనం చదవొచ్చు. 2017-18లో 45 ఏళ్లు దాటినవాళ్ల మీద జరిగిన లాసీ అనే వృద్ధాప్య సర్వేను నడిపింది వాళ్లే. 72 వేల మందికి పైగా వివరాలున్న ఆ డేటాను అడిగి తీసుకుంటే ఊళ్లు తిరగకుండానే ప్రాజెక్టు అవుతుంది. నన్నడిగితే ఊళ్లు తిరగడమే మేలు.

తిరిగితే మొదటి చిక్కు వయసు దగ్గరే. ఆధార్‌లో ఎందరికో పుట్టినరోజు జనవరి 1. నోటితో అడిగితే 60, 65, 70 అంటూ రౌండు లెక్క చెప్తారు. అందుకని సంఘటన పట్టుకుని అడగాలి: “తాతా, రజాకార్ల లొల్లప్పుడు నువ్వు ఎంతుంటివి? గొడ్లను తోలుకపోయేటోనివా?” అవునంటే 1948 నాటికి ఏడెనిమిదేళ్లన్నట్టు. 1969 తెలంగాణ ఉద్యమం నాటికి పెద్దకొడుకు పుట్టాడా అని ఇంకోటి అడిగి సరిచూసుకోవాలి. రెండూ కలవకపోతే మూడోది అడగాలి, సగటు తీయొద్దు.

రెండోది నడక పరీక్ష. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, ఆపైన పడితే కింద పడే ముప్పు ఉందని లెక్క. కుర్చీ ఎత్తు 46 సెంటీమీటర్లు ఉండాలి. ఇంట్లో కుర్చీ లేదని నులకమంచం మీంచి లేపితే, కుంగిన నులకలోంచి పైకి రావడానికే సెకన్లు పోతాయి. మంచం తప్పు మనిషి ఖాతాలో పడుతుంది. కుర్చీ వెంట తీసుకెళ్లండి. ఒకసారి ఉత్తగా నడిపించి, రెండోసారి టైమ్ పట్టండి. రోజూ చేతికర్ర పట్టుకునేవాళ్లయితే కర్రతోనే నడవనివ్వాలి, ఆ సంగతి ఫారంలో రాయాలి.