ఆడమనిషినని రాసి ఉంటే సరిపోయేది

దూదేకే మిషను మా పెరటి రేకుల షెడ్డులోకి దిగి ఇవాళ్టికి పదకొండు రోజులైంది. 2023 జూలైలో పెట్టిన దరఖాస్తుకు 2024 ఫిబ్రవరిలో మోక్షం వచ్చింది. ఈ ఏడు నెలల్లో ఐదు వారాలు నేను ముసల్మానునేనని రుజువు చేసుకోవడానికే పోయాయి. ఆ రుజువుతో ఎవరికీ పనే లేదని ఆఖరున తేలింది కాబట్టి, కడుపుమంట చల్లారకముందే ఇదంతా రాసిపెడుతున్నాను.

మాది రాయలసీమలో ఒక పల్లె. మేము దూదేకులవాళ్లం, నూర్‌బాషాలనీ, పింజారీలనీ, లద్దాఫులనీ కూడా మమ్మల్ని అంటారు. మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగే. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ కొలిచే పీరు, గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకున్న తరువాత కలిగిన బిడ్డనని మా నాన్న నాకు కుళ్ళాయమ్మ అని పేరు పెట్టాడు. మా తాత దూదేకే విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాడు. నేను పెళ్లయిన నాటి నుంచి చేత్తోనే దూది విడదీసి దిండ్లు, పరుపులు కుడుతున్నాను. ఒక పరుపుకు సరిపడే పాత దూదిని చేత్తో విడదీయాలంటే పూటంతా పడుతుంది, ముక్కుకు ఎంత గట్టిగా గుడ్డ కట్టుకున్నా నుసి లోపలికి పోయి ఆ రాత్రి దగ్గుతోనే తెల్లవారుతుంది. మిషను కావాలన్న ఆశ అక్కడ పుట్టింది.

నేను దరఖాస్తు పెట్టింది ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకానికి, అంటే అందరూ పి.ఎం.ఇ.జి.పి. అని పిలిచేదానికి. నా లెక్క ఆరు లక్షలు. అందులో ఐదు శాతం, అంటే ముప్పై వేలు నేను పెట్టుకోవాలి, మిగిలిన ఐదు లక్షల డెబ్బై వేలు బ్యాంకు ఇవ్వాలి. పల్లెలో పెట్టే పనికి, ప్రత్యేక వర్గాలవారికి ముప్పై ఐదు శాతం సబ్సిడీ ఉంటుంది కాబట్టి నాకు రెండు లక్షల పదివేలు వస్తుంది. ఆ సబ్సిడీ చేతికి ఇస్తారనుకుంటే పొరపాటు. అది మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్టుగా ఉండి, యూనిట్ నడుస్తోందని చూసుకున్న తరువాతే అప్పులో జమ అవుతుంది.

ఆధార్, పాన్, గ్రామీణ ప్రాంతమని గ్రామ సచివాలయం ఇచ్చే పత్రం, మిషను కొటేషన్ వారంలో సిద్ధమయ్యాయి. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమని తెలియక ఇంటర్నెట్ సెంటరు అబ్బాయికి ఐదు వందలు సమర్పించుకున్నాను. మీరు ఒక్క రూపాయి ఇవ్వకండి, ఆధార్‌కు కట్టిన ఫోను దగ్గరుంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఆ అబ్బాయి చేసిన ఘనకార్యం మరొకటుంది. ప్రత్యేక వర్గం ఏదని అడిగే చోట, నన్ను ఒక్క మాటైనా అడగకుండా ‘మైనారిటీ’ అని నొక్కాడు. అతను అబద్ధమేమీ రాయలేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. శిక్షణ ఫోనులోనే అయిపోయింది. కాగితాలు బ్యాంకుకు చేరాయని సందేశం వచ్చిన రోజు మా ఆడబిడ్డ పాయసం కూడా వండింది.

బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు నా ఫైలు తెరిచి, నా ముఖం చూసి, మళ్లీ ఫైలు చూశాడు. “ఏమ్మా, కుళ్ళాయమ్మ అంటే నువ్వేనా? ఇక్కడ మైనారిటీ అని రాశారే?” అన్నాడు. ఔను సార్, మేము దూదేకులవాళ్లం అన్నాను. “పేరు చూస్తే అట్లా లేదు, మనిషిని చూసినా అట్లా లేదు” అన్నాడు. పక్క బల్ల దగ్గర పాసుపుస్తకాలకు నిలబడినవాళ్లు నావైపు తిరిగారు. కుల ధ్రువపత్రం ముందు పెట్టాను, దాని మీద దూదేకుల, బి.సి.–బి అని ఉంది. అది చూడగానే అతనికి గొప్ప ఆధారం దొరికినట్లయింది. “ఇదిగో, బి.సి.–ఇ ఉంటేనే ముస్లింలు. నీది బి. నువ్వు హిందువువే” అని తీర్పు చెప్పాడు. బి.సి.–ఇ వచ్చింది 2007లో, అదీ వేరే ముస్లిం కులాల కోసం; మేము అంతకు ఎంతో ముందు నుంచి బి జాబితాలో ఉన్నాం. ఈ మాట నేను చెప్పాను. నా గొంతు వణికిందనుకుంటాను, ఎందుకంటే అతను నవ్వాడు. ఫైలు మీద ‘మైనారిటీ రుజువు జతపరచవలెను’ అని రాసి పక్కకు నెట్టాడు.

రుజువు కోసం తహసీల్దారు కార్యాలయానికి పోతే, కులానికి పత్రం ఇస్తాం గాని మతానికి ఎక్కడ ఇస్తామమ్మా, మసీదు నుంచి ఉత్తరం తెచ్చుకో అన్నారు. మా ఊళ్లో పీర్ల చావిడి తప్ప మసీదు లేదు. పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మసీదుకు పోయి బయటే అరగంట నిలబడ్డాను. అక్కడి పెద్దాయన మర్యాదస్థుడే, కుర్చీ వేయించాడు. కానీ ఆయనకూ అనుమానమే. ఉర్దూ వచ్చా అన్నాడు, రాదన్నాను. మీ ఇంట్లో నమాజు ఎవరు చేస్తారన్నాడు, మా మామ రంజాన్‌లో చేస్తాడన్నాను. కలిమా, అంటే ముస్లింల విశ్వాస వాక్యం, చెప్పమన్నాడు. నలభై మూడేళ్ల మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, బడిలో ఎక్కం అప్పజెప్పినట్లు చేతులు కట్టుకొని మా నానమ్మ నేర్పిన తెలుగు యాసలోనే చెప్పాను. రెండుచోట్ల దిద్దాడు. దిద్ది ఉత్తరం ఇచ్చాడు.

ఆ ఉత్తరం ఉర్దూలో ఉంది. ఫీల్డ్ ఆఫీసరు దాన్ని తలకిందులుగా పట్టుకొని చూసి, తెలుగులో గాని ఇంగ్లీషులో గాని లేనిది చెల్లదన్నాడు. మళ్లీ పన్నెండు కిలోమీటర్లు.

వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యుడు సిద్దయ్యదీ మా కులమే. ఆయన మతం సంగతి తేల్చుకోవడానికి కడప నవాబు పిలిపిస్తే, సిద్దయ్య అక్కడి బండకు సలాము చేశాడనీ, ఆ బండ పగిలిపోయిందనీ మా వైపు కథగా చెప్పుకుంటారు. నేను ఐదు వారాల్లో ఆ బ్యాంకుకు పెట్టిన సలాములకు అక్కడి ప్లాస్టిక్ కుర్చీ కూడా కదల్లేదు.

ఈ మధ్యలోనే పట్నంలోని ఒక సామాజిక సంస్థ ‘మహిళా, మైనారిటీ వ్యాపారవేత్తలకు’ మూడు రోజుల శిక్షణ ఇస్తోందంటే పోయాను. భోజనం బాగుంది. పెట్టుబడిదారుల ముందు మూడు నిమిషాల్లో ఎట్లా మాట్లాడాలో నేర్పారు. నాకు కావలసింది బ్యాంకులో మూడు నిమిషాలు ఎట్లా ఏడవకుండా నిలబడాలో నేర్పేవాళ్లు. చివరి రోజు ఫోటోలు తీసేటప్పుడు ఒక అమ్మాయి వచ్చి, ఏమీ అనుకోవద్దంటూ నా తలకు నల్లటి స్కార్ఫు చుట్టబోయింది, బ్రోషరులో మైనారిటీ అని తెలియాలట. ఒకచోట నేను ముస్లింలా లేనని పని ఆగింది, మరోచోట ముస్లింలా లేనని ఫోటో ఆగింది. ఆ స్కార్ఫు తీసి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కాను.

గట్టెక్కించింది మాత్రం మా మండలంలోని ఆడవాళ్ల సహకార సంఘం. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం అది. వాటాలు సభ్యులవే, లాభం వస్తే మళ్లీ సంఘంలోకే పోతుంది. గోడకు పెద్ద ఆశయాలేవీ రాసి ఉండవు, తూకం రాయి, రసీదు పుస్తకం, ఒక పాత కంప్యూటరు ఉంటాయి. అక్కడ లెక్కలు రాసే అక్క ఒకరోజు నా ఫైలు అడిగి తీసుకుంది. పథకం నియమాలు తెరమీద తెచ్చి, వేలు పెట్టి చదివించింది. ప్రత్యేక వర్గాలు: ఎస్సీలు, ఎస్టీలు, ఓబీసీలు, మైనారిటీలు, మహిళలు, ఇంకా కొందరు. “ఇది చూడు కుళ్ళాయమ్మా. ఏ కులమైనా, ఏ మతమైనా ఆడమనిషివైతే చాలు, అదే ముప్పై ఐదు శాతం. నువ్వు ఆడమనిషివని ఆధార్‌లోనే ఉంది కదా” అంది.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ పెద్దాయన దిద్దిన రెండు మాటలు గుర్తుకొచ్చాయి. ఫీల్డ్ ఆఫీసరుకు ఈ వాక్యం తెలియదా, తెలిసీ తిప్పాడా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. తెలియకపోతే అది అతని ఉద్యోగానికి సిగ్గు. తెలిసీ తిప్పితే అతని తల్లి పెంపకానికి సిగ్గు. ఇంత కటువుగా రాయకూడదని మా అబ్బాయి అంటున్నాడు, అయినా కొట్టివేయడం లేదు.

జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక ఉద్యోగి దరఖాస్తును వెనక్కి తెప్పించి, మైనారిటీ తీసి మహిళ అని మార్చడానికి పట్టిన సమయం, నేను అక్కడ మంచినీళ్లు తాగి గ్లాసు పెట్టినంత.

ఆ తరువాత బ్యాంకు పొలం పాసుపుస్తకం అడిగింది. పది లక్షల లోపు ఇలాంటి అప్పుకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉందనీ, అప్పు తీరకపోతే బ్యాంకుకు పూచీ పడే హామీ నిధి వేరే ఉందనీ అక్క తెలుగులో ఒక ఉత్తరం రాసిచ్చింది. ఆ ఉత్తరం ఇచ్చి, కింద ముద్ర వేసిన నకలు తీసుకున్నాను. మీరు ఇంకేం చేసినా చేయకపోయినా ఇది చేయండి: నోటితో అడిగినదానికి నోటితో జవాబు చెప్పకండి, కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర పడిన మరుసటి వారం నుంచి ఆ ఆఫీసరు నన్ను ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు. మీ ఆయన్ను ఒకసారి తీసుకురండి అని మాత్రం మానలేదు. మా ఆయన వచ్చి, యూనిట్ ఆమెది సార్, నాకు దబ్బనంలో దారం ఎక్కించడం కూడా రాదు అని చెప్పి వెళ్లిపోయాడు. పాతికేళ్ల కాపురంలో ఆయన మాట్లాడిన అతి మంచి మాట అది.

మంజూరుకు అసలు ఊతం ఇచ్చింది సంఘం రాసిచ్చిన ఆర్డరు. ఒక హాస్టలుకు నూట ఇరవై దిండ్లు తామే కొంటామని, సగం డబ్బు ముందే ఇస్తామని లెటర్‌హెడ్ మీద రాశారు. 1974లో అహ్మదాబాదులో సొంత పనులు చేసుకునే ఆడవాళ్ల సంఘం ‘సేవా’లోని ఆడవాళ్లు నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసి సొంత బ్యాంకే పెట్టుకున్నారని అక్క చెప్పినప్పుడు, అంత తెగింపు ఎందుకొచ్చిందో నాకు ఎవరూ వివరించనక్కరలేకపోయింది.

పథకం నియమం ప్రకారం యూనిట్ ముందు బోర్డు పెట్టాలి. పెయింటరు నిన్న వచ్చి, పేరు కింద చంద్రవంక వేయాలా, కలశం వేయాలా అని అడిగాడు. దిండు బొమ్మ వేయమన్నాను. హాస్టలుకు మొదటి అరవై దిండ్లు సోమవారం పోవాలి. ఇంకా పద్నాలుగింటికి మూతి కుట్టాలి.