రెజ్యూమ్ ఫైనల్ 7

నిన్న రాత్రి గూడ మూడింటిదాంక నిద్ర పట్టలె. ఉద్యోగం పోయి రెండు నెలలైనా ఒంటికి ఆ సంగతి ఇంకా తెల్వదు, నాలుగేండ్లు సాయంత్రం ఆరున్నర షిఫ్టుకు క్యాబ్ ఎక్కి తెల్లారుజామున దిగిన మనిషిని గదా. పొద్దున తొమ్మిదింటికి లేస్తే అమ్మ ఏమనలె గాని, చాయ్ గిన్నె కింద పెట్టిన చప్పుడుతోనే అనాల్సిందంతా అన్నది.

పోయింది అంటున్న గాని కాయితాల మీద నేనే రాజీనామా చేసిన. హెచ్చార్ మేడమ్ పిలిచి, నువ్వే రిజైన్ పెడితే రిలీవింగ్ లెటర్ సక్కగ వస్తది, లేకపోతే ముందు ముందు నీకే ఇబ్బంది అని మెల్లగ చెప్పింది, పెట్టేసిన. గ్రాట్యుటీకి ఐదేండ్లు నిండాలె, నావి నాలుగేండ్ల మూడు నెలలు, అదీ లేదు. మా టీంల పదహారు మందిమి అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్లు చేసి ఈ క్లెయిమ్ ఎంతదాంక వచ్చింది అని అడిగెటోళ్లం, ఇప్పుడు ఆ స్టేటస్ చూసుడు బాట్ అనే సాఫ్ట్‌వేరే చేస్తది, రాత్రికి రాత్రి వాళ్ల పోర్టల్ల లాగిన్ అయి చూసుకొని ఎక్సెల్ల పెట్టేస్తది. దానికి నలభై నిమిషాలు హోల్డ్ మ్యూజిక్ వినే బాధ గూడ లేదు.

ఇయ్యాల ఎట్లనన్న రెజ్యూమ్ పూర్తి చేయాలె అనుకున్న. నా ఫ్రెండ్ చాట్‌జీపీటీల పెట్టవే, మస్తు రాస్తది అంటే పెట్టిన, నిజంగనే మస్తు రాసింది, చదివితే ఎవరో పెద్ద మేనేజర్ లెక్క ఉన్న. హన్మకొండ చౌరస్తా కాడ జిరాక్స్ షాపుకు పోయి ప్రింట్ తియ్యమంటే, అక్కడి పిలగాడు స్క్రీన్ మీద చూసి నవ్విండు. "అక్కా, పొద్దటి సంది అచ్చం ఇవే లైన్లున్న మూడు రెజ్యూమ్‌లు తీసిన, నీది నాలుగోది" అన్నడు. పక్కన గ్రూప్స్ అప్లికేషన్ నింపుకుంటున్న పిల్లలు గూడ నవ్విన్రు. మూడు కాపీలు చెప్పినదాన్ని ఒక్కటే తీసుకొని వచ్చిన.

మా ఇల్లు మిల్స్ కాలనీ దిక్కు. బాపు అజంజాహి మిల్లుల మగ్గాల ఖాతాల పనిచేసిండు. 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు అది, మూతపడేటప్పుడు వాలంటరీ రిటైర్మెంట్ కింద ఇంత చేతిల పెట్టి పంపిన్రు. ఆయన సర్వీసు సర్టిఫికెట్ ఇప్పటికీ సందుకల ప్లాస్టిక్ కవర్ల ఉంది, మడతల కాడ చినుగుతుందని అమ్మ ఎన్కకు సెల్లో టేపు ఏసింది. దాంట్ల పేరు, టోకెన్ నంబరు, నడవడిక బాగున్నది అని ఒక్క ముక్క, అంతే. నా రిలీవింగ్ లెటర్ల గూడ డేట్లు తీసేస్తే అంతకంటే ఎక్కువేం లేదు.

బాపు నా ప్రింట్ అటూ ఇటూ తిప్పి "తెలుగుల జెప్పు బిడ్డా, అక్కడ ఏం జేసేదానివి?" అన్నడు. నాలుగేండ్ల నుంచి ఎన్నడూ అడగని మనిషి.

చెప్పిన. దవాఖానోళ్లు వైద్యం చేసి బీమా కంపెనీకి బిల్లు పంపుతరు, వాడు ఏదో ఒక కోడ్ పెట్టి వాపస్ కొడ్తడు, సీఓ 16 అంటే వివరాలు తక్కువున్నయని, సీఓ 29 అంటే గడువు దాటినంక పంపిన్రని. మెడికేర్ అని అక్కడి సర్కారు బీమా, దానికైతే వైద్యం చేసిన తేదీ నుంచి ఏడాది టైం ఉంటది, ప్రైవేటోళ్లల్ల కొందరు 90 రోజులే ఇస్తరు.

"గడువు దాటితే దాటినట్టే గదా."

"దాటలేదు బాపు, వాడు దాటిందన్నడు." పోయినేడు ఒక దవాఖానవి నలభైమూడు బిల్లులు ఒక్కసారే 29 కింద వాపసొచ్చినయ్. లిస్టుల వాటి ముందట రైటాఫ్ అని పెట్టి ఉంది, అంటే ఇగ వదిలేసుకోవాలె. నాకెందుకో అనుమానమొచ్చి పాత తేదీలు చూస్తే బిల్లులు మొదాలు టైంకే పోయినయ్, తర్వాత చిన్న సవరణ చేసి మళ్ల పంపిన్రు, వాడు ఆ రెండోసారి తేదీ పట్టుకొని కూసున్నడు. బిల్లులు నడిమిట్ల క్లియరింగ్ హౌస్ అనే ఇంకో కంపెనీ మీదికెళ్లి పోతయి, ఫలానా రోజు బీమా కంపెనీ తీసుకున్నది అని దాని రిపోర్టు ఉంటది. అవన్నీ ఒక్కొక్కటి తీసి అప్పీల్‌కు జత చేసిన, నాలుగు రాత్రులు పట్టింది. ముప్పైఎనిమిదిటికి పైసలొచ్చినయ్.

"అంటే పోస్టాఫీసు రసీదు జూపెట్టి కొట్లాడినవన్నట్టు."

"అగో, గంతే."

"మరి గా ముచ్చట ఇందుల రాయలేదేంది?"

నాకు ఎంటనే జవాబు రాలె. రాసేంత పెద్ద పని అనుకోలేదు, అందరం చేసేదే గదా అనుకున్న. మిల్లు పోయినంక బాపు మహారాష్ట్రల మరమగ్గాలు నడిచే భివండి పోయిండట ఎనిమిది నెలలు, ఇక్కడోళ్లు చానామంది అటే పోయిన్రు. ఈ సర్టిఫికెట్ భద్రంగ పట్టుకొని పోతే సేటు దాని మొఖం గూడ చూడలేదట, నడిచే సాంచ, అంటే మరమగ్గం, ఆపి, తెగిన పడుగు పోగు చూపెట్టి అతకమన్నడట. "అతికినవా?" అంటే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసిండు.

అన్నం తినుడే ఆలస్యం, కూసుని మొత్తం కొట్టేసి మళ్ల రాసిన. ఆ నలభైమూడు బిల్లుల సంగతి రెండు లైన్లల్ల పెట్టనీకి రెండు గంటలు పట్టింది, దవాఖాన పేరు, పేషెంట్ల వివరాలు రాయొద్దు, అది పద్ధతి కాదు, రాయకుండనే అర్థం కావాలె. టీం ప్లేయర్ అన్న ముక్క తీసేసిన. నడిమిట్ల ఎవడో ఫోన్ చేసి నీకు జాబ్ ఓకే అయింది మేడమ్, రిజిస్ట్రేషన్‌కు 2,500 కొట్టున్రి అన్నడు, ఏ జాబో అడిగితే వాడికే తెల్వదు.

ఐదింటికి అసలు ఫోన్ వచ్చింది, పోయిన వారం అప్లై చేసిన హైదరాబాద్ కంపెనీ. మా దగ్గర గూడ స్టేటస్ బాటే చూస్తది, అప్పీల్ రాసేటోళ్లు కావాలె, మీరు ఎన్నడన్న రాసిన్రా అన్నది ఆమె. నలభైమూడు బిల్లుల కథ మళ్ల చెప్పిన, మధ్యాహ్నం బాపుకు ఒకసారి చెప్పి ఉన్న కాబట్టి ఎక్కడా తడబడలె. శుక్రవారం రమ్మన్నది, టెస్ట్ ఉంటదట. జీతం మాత్రం పాతదానికంటే తక్కువే చెప్పింది. అమ్మేమో మళ్ల హైదరాబాదేనా, మడికొండల ఐటీ పార్కు ఉండంగ అంటది. 2020ల అక్కడ కంపెనీలు తెరిచినప్పటి సంది ఇదే పాట, అక్కడ నా పని లేదమ్మా అంటే నమ్మదు.

ఉప్పల్ దాంక ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆడోళ్లకు జీరో టికెట్, దానికి ఆధార్ కావాలె. ఇల్లంతా దేవులాడుతున్న, ఏడ పెట్టిన్నో. ఆ జిరాక్స్ షాపులనే మర్చిపోయినట్టున్న.